దేశం మారాక ఒంటరితనం: ఎందుకు ముదురుతుంది, ఎలా తగ్గుతుంది?

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదికలో చెప్పింది. దాని ప్రభావంతో ఏటా 8,71,000 మందికి పైగా చనిపోతున్నారని అంచనా వేసింది. ఐక్యరాజ్యసమితి లెక్క ఇంకోటి ఉంది. 2024 నాటికి పుట్టిన దేశాన్ని వదిలి వేరే దేశంలో ఉంటున్నవాళ్లు 30.4 కోట్ల మంది. చదువుకో, ఉద్యోగానికో, పెళ్లయ్యో, పిల్లల దగ్గర ఉండటానికో దేశం మారిన వీళ్లలో ఒంటరితనం కొత్త ఫిర్యాదేమీ కాదు. దాని చుట్టూ పోగుపడిన సలహాలే ఇప్పుడు గందరగోళంగా తయారయ్యాయి.

‘నలుగురిలో కలవండి, బయటికి వెళ్లండి, ఏదైనా హాబీ పెట్టుకోండి’ అని అందరూ చెబుతారు. చాలామంది ఆ పని చేస్తారు కూడా. వారాంతంలో ఏదో కార్యక్రమానికి వెళ్తారు. పాతికమందికి పేరు చెబుతారు, ఎక్కడ పనిచేస్తారో, వచ్చి ఎన్నాళ్లయిందో చెబుతారు. తీరా గదికి తిరిగొచ్చేసరికి వెళ్లకముందుకన్నా ఎక్కువ వెలితిగా ఉంటుంది. లోపం తమలోనే ఉందేమో అన్న అనుమానం అక్కడ మొదలవుతుంది. ఆ సలహాలో తప్పేమీ లేదు గానీ, అందులో సగమే ఉంది. దేశం మారినప్పుడు ఏమేం పోతాయో విడివిడిగా చూస్తే, ఏ వెలితి దేనితో పూడుతుందో కొంత స్పష్టమవుతుంది.

క్లుప్తంగా

మనసు విప్పి మాట్లాడే మనిషి దగ్గర లేకపోవడం ఒక రకం ఒంటరితనం. చుట్టూ తెలిసిన మొహాలు లేకపోవడం మరో రకం. ఒకదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు. ఫోన్ మొదటిదాన్ని కొంత తీరుస్తుంది, రెండోదాన్ని తీర్చలేదు. పరిచయం స్నేహంగా మారడానికి పదుల గంటలు పడుతుంది కాబట్టి ఎక్కువమందిని ఒక్కోసారి కలవడం కన్నా కొద్దిమందిని పదేపదే కలవడం ఫలితమిస్తుంది. భాష, పని వేళలు, వీసా నిబంధనలు, అద్దె ఇళ్లు దీన్ని సులువు చేయనూవచ్చు, చెడగొట్టనూవచ్చు.

ఇంట్లో మనిషి ఉన్నా ఎందుకు?

అమెరికా సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ రెండు వర్గాలవాళ్లను దగ్గరగా గమనించారు. మొదటి వర్గం, జీవిత భాగస్వామికి దూరమై పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లు. వాళ్లకు ఒక సంఘం ఉంది, అందులో స్నేహితులున్నారు. అయినా ఒంటరితనం పోలేదు. రెండో వర్గం, దూర రాష్ట్రాల నుంచి బోస్టన్ ప్రాంతానికి కొత్తగా వచ్చిన దంపతులు. వాళ్ల కాపురాలు బాగానే ఉన్నాయి. భర్తలకు ఆఫీసు ఉంది. భార్యలకు మాత్రం పొద్దుపోదు, భర్తతో ఎంత అన్యోన్యంగా ఉన్నా ఆ లోటు తీరలేదు. 1973లో వైస్ ప్రతిపాదించిన విభజనకు ఇదే ఆధారం. మనసుకు దగ్గరైన ఒక్క మనిషి లేని వెలితి ఒకటి, తనదనుకునే గుంపు లేని వెలితి ఇంకొకటి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది తీరదు.

దేశం మారితే ఈ రెండూ ఒకేసారి దెబ్బతినొచ్చు, ఒకటే దెబ్బతినొచ్చు. ఒంటరిగా వెళ్లిన విద్యార్థికి క్లాసులో గుంపు వెంటనే దొరుకుతుంది గానీ రాత్రి పదకొండింటికి జ్వరం వస్తే చెప్పుకునే మనిషి ఉండరు. భాగస్వామి వెంట వెళ్లినవాళ్లకు ఆ మనిషి పక్కనే ఉంటారు, గుంపు ఉండదు. ఇళ్లలో గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ‘నేనున్నానుగా, ఇంకా ఒంటరితనం ఏంటి?’ అని ఒకరు నొచ్చుకుంటారు. తప్పు చేసినట్టు రెండోవాళ్లు ముడుచుకుపోతారు. ఊరంతా కలిసి ఇచ్చేదాన్ని ఒక్క మనిషి ఇవ్వలేరన్న చిన్న సంగతి తెలిస్తే ఆ మాట అంత గట్టిగా తగలదు.

ఈ తేడా బయటపడే చోటు ఒకటుంది. ఆస్పత్రిలో, పిల్లల బడిలో, కొత్త ఉద్యోగంలో నింపే ఫారంలో ‘అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి?’ అనే గడి ఉంటుంది. చాలాచోట్ల స్థానిక నంబరే అడుగుతారు. ఫోన్‌లో వందల కాంటాక్టులు ఉంటాయి, అయినా ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. పక్క సీటు ఉద్యోగి పేరు రాయొచ్చు గానీ ముందు అతన్ని అడగాలి, అడిగేంత చనువు ఇంకా కుదరలేదు. దంపతులైతే ఒకరి పేరు ఒకరు రాసుకుని బయటపడతారు. ఇద్దరూ ఒకే కారులో ఉన్నప్పుడు ఏమైనా అయితే అన్న ఆలోచన ఆ తర్వాత వస్తుంది. ఒంటరితనాన్ని కొలవడానికి పరిశోధకులు పెద్ద పెద్ద ప్రశ్నావళులు వాడతారు. ఈ ఒక్క గడి కూడా తక్కువేమీ చెప్పదు.

లెక్కలోకి రాని మొహాలు

బయల్దేరే ముందు వీడ్కోళ్లన్నీ దగ్గరివాళ్లకే. రోజూ బస్టాపులో కనిపించే మనిషికి, బిల్లు వేస్తూ ‘ఈ మధ్య కనిపించడం లేదే’ అనే ఆమెకు, మెట్ల మీద తల పంకించే పై అంతస్తు ఆయనకు ఎవరూ వీడ్కోలు చెప్పరు. కొందరి పేర్లు కూడా తెలియవు. దేశం మారినప్పుడు పూర్తిగా పోయేది మాత్రం ఈ వర్గమే. తల్లిదండ్రులు, ప్రాణ స్నేహితులు ఫోన్‌లో ఉంటారు. ముఖపరిచయాలను ఫోన్‌లో పెట్టుకుని తీసుకెళ్లలేం.

ఇలాంటి పల్చటి పరిచయాల విలువ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఎంతో సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే చూపించారు. దగ్గరి స్నేహితులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు వచ్చేది అంతంతమాత్రం తెలిసినవాళ్ల నుంచే. మనసు మీద వాటి ప్రభావాన్ని గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ 2014లో పరిశీలించారు. పాల్గొన్నవాళ్ల చేతికి లెక్కపెట్టే చిన్న యంత్రాలిచ్చి, రోజూ ఎవరెవరితో మాట్లాడారో నొక్కమన్నారు. మామూలుకన్నా ఎక్కువమంది ముఖపరిచయస్తులతో మాట్లాడిన రోజున వాళ్లు ఎక్కువ సంతోషంగా, తమదైన చోట ఉన్నట్టుగా ఉన్నారని తేలింది.

కొత్త దేశంలో మొదటి నెలల్లో ఈ పలకరింపులు దాదాపు సున్నా. చాలా పెద్ద నగరాల్లో వాటికి అవకాశమూ తగ్గిపోయింది. బిల్లు యంత్రమే వేస్తుంది, టికెట్ ఫోన్‌లోనే వస్తుంది, పార్సిల్ తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోతారు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడిన మనిషి సోమవారం ఉదయం దాకా ఎవరితోనూ ఒక్క మాట గట్టిగా మాట్లాడకుండా గడిపేయొచ్చు. సోమవారం మొదటి మీటింగ్‌లో గొంతు బొంగురుగా వస్తే గానీ ఆ సంగతి గుర్తుకు రాదు. వచ్చి స్థిరపడినవాళ్లకు ఇదే సౌకర్యం. కొత్తవాళ్లకు ఇది మనుషులు తగిలే దారుల్ని మూసేస్తుంది.

‘ఆరో నెల’ లెక్క ఎంతవరకు నిజం?

వెళ్లిన కొత్తలో హుషారు, కొన్ని నెలలకు దిగులు, ఏడాదిన్నరకో రెండేళ్లకో కుదుటపడటం. ఈ లెక్క చాలామంది నోట వినిపిస్తుంది. దీని మూలం 1955 నాటిది. నార్వే నుంచి ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లినవాళ్లను స్వెర్రె లిస్‌గార్డ్ పరిశీలించారు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు, పద్దెనిమిది నెలలు దాటినవాళ్లు బాగానే ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. 1960లో కెనడా మానవ శాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ ‘కల్చర్ షాక్’ దశల్ని వర్ణిస్తూ రాసిన వ్యాసంతో ఈ బొమ్మ స్థిరపడింది.

చిక్కేమిటంటే, లిస్‌గార్డ్ ఒకే మనుషుల్ని నెలల తరబడి వెంటాడి చూడలేదు. వేర్వేరు కాలం గడిపిన వేర్వేరు మనుషుల్ని పోల్చారు. కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌కు వెళ్లిన జపాన్ విద్యార్థుల్ని మొదటి రోజుల నుంచీ గమనించి 1998లో ప్రచురించిన ఫలితాలు వేరుగా వచ్చాయి. ఇబ్బంది అడుగుపెట్టినప్పుడే ఎక్కువగా ఉంది, తర్వాత తగ్గింది. కాబట్టి ఆరో నెలలో దిగులు రాకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు, మొదటి వారంలోనే వస్తే భయపడనక్కర్లేదు.

అయినా కొందరిలో ఆలస్యంగా ముదరడానికి అర్థమయ్యే కారణముంది. మొదటి నెలల్లో పని ఎక్కువ. ఇల్లు, బ్యాంకు ఖాతా, కాగితాలు, దారులు. ఇంటి నుంచి రోజూ ఫోన్లు వస్తాయి, ‘ఎలా ఉంది?’ అని అందరూ అడుగుతారు. ఆ పనులు అయిపోయేసరికి చేతిలో ఖాళీ సమయం మిగులుతుంది. అడిగేవాళ్లూ అప్పటికే తగ్గిపోతారు. సర్దుకున్నాడులే అని అందరూ అనుకునే సమయానికి అసలు లోటు తెలియడం మొదలవుతుంది.

ఆకలి లాంటి సంకేతం

ఇంటి బెంగను వైద్యులు ఒకప్పుడు జబ్బుగానే చూశారు. సొంత నేలకు దూరమైన స్విస్ యువకులు చిక్కిపోవడం గమనించిన యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి 1688లో దాని మీద పరిశోధన పత్రమే రాశారు. ఇప్పటి శాస్త్రం దీన్ని జబ్బుగా కన్నా సంకేతంగా చూస్తోంది. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ కాసియోపో వాదన ప్రకారం, తిండి కావాలని ఆకలి చెప్పినట్టే మనుషులు కావాలని ఒంటరితనం చెబుతుంది. గుంపులో ఉంటేనే బతికిన జీవికి ఆ హెచ్చరిక అవసరం. 2020లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 40 మందిని ఒక రోజు పది గంటలు తిండి లేకుండా, మరో రోజు పది గంటలు మనుషులతో మాటామంతీ లేకుండా ఉంచారు. ఉపవాసం తర్వాత తిండి బొమ్మలకు స్పందించిన మధ్యమెదడు భాగమే, ఏకాంతం తర్వాత మనుషుల బొమ్మలకు అదే తీరుగా స్పందించింది.

అయితే ఆకలికి, దీనికి ఒక తేడా ఉంది. ఆకలేసినవాడు తిండి వైపు వెళ్తాడు. ఒంటరితనం ముదిరినవాళ్లు మాత్రం మనుషుల నుంచి వెనక్కి తగ్గుతారు. గుంపుకు దూరమైన జీవి ప్రమాదాన్ని కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి మెదడు చిన్న చిన్న తిరస్కారాల్ని కూడా పెద్దవి చేసి చూపిస్తుందని కాసియోపో వివరించారు. మెసేజ్‌కు రెండు రోజులు జవాబు రాకపోతే ‘పనిలో ఉన్నారేమో’ అన్న ఆలోచన రాదు, ‘వాళ్లకు ఇష్టం లేదు’ అనిపిస్తుంది. పైగా కొత్త దేశంలో ఆ ఊహను సరిచూసుకునే ఆధారాలు తక్కువ. ముక్తసరిగా మాట్లాడటం అక్కడి మర్యాదా, అయిష్టమా అన్నది ఇంకా తెలియదు. అలా తగ్గుతూ పోతే అవతలివాళ్లు కూడా ‘ఈయనకు కలవడం ఇష్టం లేదు’ అనుకుంటారు.

దీనికి విరుగుడుగా చెప్పదగ్గ పరిశోధన ఒకటుంది. ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో కొత్తగా కలిసినవాళ్ల సంభాషణల్ని పరిశీలించారు. మాట్లాడాక, అవతలి మనిషికి తాము ఎంత నచ్చామో ఇద్దరూ తక్కువగానే అంచనా వేశారు. నిజంగా నచ్చింది అంతకన్నా ఎక్కువ. ఒకే వసతిలో ఉండే విద్యార్థుల్లో ఈ పొరపాటు నెలల తరబడి సాగింది. మొదటి పరిచయం బాగా జరగలేదనే దిగులులో కొంత భాగం లెక్క తప్పడం వల్ల వచ్చేదే.

భాష వచ్చినా చనువు రాదు

ఉద్యోగానికి సరిపడా భాష వచ్చినవాళ్లు కూడా భోజనాల బల్ల దగ్గర మౌనంగా ఉండిపోవడం చూస్తాం. మీటింగ్‌లో విషయం ముందే తెలుసు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. భోజనాల దగ్గర ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, సగం మాటల్లోనే ఆపేస్తారు, ఎప్పటివో సంగతులు ప్రస్తావిస్తారు. చెప్పదల్చుకున్న చలోక్తి వాక్యంగా కుదిరేలోపు మాట వేరే దారి పట్టిపోతుంది. రెండో భాషలో చాలామంది తమకన్నా నెమ్మదస్తులుగా, చప్పటి మనుషులుగా కనిపిస్తారు. నలుగురిని నవ్వించే మనిషికి ఈ నష్టం ఎక్కువ. తనను తాను చూపించుకోలేకపోవడం కూడా ఒంటరితనంలో ఒక భాగమే, దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

ఇద్దరు ముగ్గురే ఉండే చోటు, చేతుల్లో ఏదో పని ఉండే చోటు ఈ ఇబ్బందిని బాగా తగ్గిస్తాయి. ఆట, తోటపని, వంట, నడక లాంటివాటిలో మాట ఆగినా ఇబ్బందిగా ఉండదు. అసలు భాష నేర్పే తరగతులే చాలామందికి మొదటి స్నేహాలనిస్తాయి. అక్కడ అందరి భాషా ఒకేలా తడబడుతుంది.

ఫోన్ చేసే మేలు, కీడు

వీడియో కాల్ వచ్చాక దూరం తగ్గిందన్నది నిజమే. వైస్ విభజనతో చూస్తే ఫోన్ మొదటి వెలితికి మందు. రెండోదానికి కాదు. మరో చిక్కు సమయ భేదం. కొత్త దేశంలో సాయంత్రం తీరిక దొరికేసరికి సొంత ఊళ్లో అర్ధరాత్రి దాటిపోవచ్చు. కాబట్టి కాల్స్ వారాంతం మీద పడతాయి. వారాంతమే కొత్తవాళ్లు మనుషుల్ని కలవగలిగే సమయం కూడా. శనివారం మధ్యాహ్నం మూడు గంటలు కాల్‌లో గడిస్తే మనసు తేలికపడుతుంది, బయట ఒక పరిచయం పెరిగే అవకాశం వాయిదా పడుతుంది.

దిగులు పెంచడంలో కాల్స్ కన్నా పాత గ్రూపుల్లో వచ్చే ఫొటోల పాత్ర ఎక్కువ కావొచ్చు. కాల్‌లో మనిషి పాల్గొంటారు, ఫొటోల్లో చూస్తూ ఉంటారంతే. ఉన్నట్టూ లేనట్టూ మిగిలిపోయే బంధాల నష్టాన్ని పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. వలసను కూడా అందులో చేర్చారు. ఎవరూ చనిపోలేదు, ఎవరితోనూ విడిపోలేదు. దుఃఖం మాత్రం ఉంటుంది, దాన్ని పంచుకోవడానికి పలకరింపులుండవు. కాల్స్‌కు వారంలో ఫలానా రోజు, ఫలానా సమయం అని పెట్టుకోవడం వల్ల రెండు వైపులా ఎదురుచూపుల టెన్షన్ తగ్గుతుంది, మిగతా సాయంత్రాలు ఖాళీ అవుతాయి.

సొంత భాషవాళ్ల మధ్యే ఉండిపోతే?

ఇందులో రెండు వాదనలు బలంగా వినిపిస్తాయి. మనవాళ్లతోనే ఉంటే ఎప్పటికీ అక్కడ ఇమడలేరని ఒకటి, మనవాళ్లు లేకపోతే బతకలేమని మరొకటి. స్టీఫెన్ బోచ్నర్ బృందం 1977లో విదేశీ విద్యార్థుల స్నేహాల మీద చేసిన అధ్యయనం ఈ తగవును చాలావరకు తీర్చింది. సొంత దేశంవాళ్లు మనసుకు ఆసరా. స్థానికులు చదువుకు, ఉద్యోగానికి, ఆ దేశపు పద్ధతులు తెలుసుకోవడానికి దారి. వేరే దేశాల నుంచి వచ్చిన తోటి కొత్తవాళ్లు సరదా కాలక్షేపానికి తోడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటి పని చేయదు.

కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ దశాబ్దాల పాటు చేసిన పరిశోధన కూడా దాదాపు ఇక్కడికే వస్తుంది. సొంత సంస్కృతినీ కొత్త సమాజాన్నీ రెంటినీ పట్టుకున్నవాళ్లు సాధారణంగా మెరుగ్గా ఉంటారు. రెండింటికీ దూరమైనవాళ్లు ఎక్కువ నలుగుతారు. అయితే కలవాలనుకున్నంత మాత్రాన కలవనిచ్చే సమాజం ఉండాలి కదా. ఎంపిక వలసదారు ఒక్కరిదే అన్నట్టు ఈ ఫలితాలను చెప్పడం అన్యాయం. మూడు రకాల స్నేహాల్లో తోటి కొత్తవాళ్లతో స్నేహాన్నే చాలామంది తక్కువగా చూస్తారు. మొదటి ఏడాదిలో అన్నింటికన్నా త్వరగా దొరికేది అదే. వాళ్లకూ సమయం ఉంటుంది, వాళ్లకూ మనుషులు కావాలి.

ఎవరికి ఎక్కువ కష్టం

భాగస్వామి వీసా మీద వెళ్లి పనిచేసే అనుమతి లేనివాళ్లది అందరికన్నా ఇబ్బందికరమైన పరిస్థితి. ఉద్యోగంతో వచ్చే దినచర్య, ఆదాయం, పరిచయాలు మూడూ ఒకేసారి పోతాయి. పెద్ద చదువు చదివి ఉద్యోగం వదిలి వచ్చినవాళ్లకు తానెవరన్న ప్రశ్న కూడా తోడవుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లిన వృద్ధులకు భాష, డ్రైవింగ్ రెండూ రాకపోతే గడప దాటడమే మరొకరి మీద ఆధారపడుతుంది. ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగులకు ఆఫీసు ముఖపరిచయాలు కూడా దక్కవు. బడికి వెళ్లే పిల్లలున్న తల్లిదండ్రులకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది. రోజూ ఒకే గేటు దగ్గర ఒకే సమయానికి అవే మొహాలు కనిపిస్తాయి.

గంటల లెక్క

కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా పనికొచ్చేది. గత ఆరు నెలల్లో కొత్త చోటుకు మారిన 355 మందిని, అక్కడ కలిసిన ఒక మనిషితో ఎంత సమయం గడిపారో, ఎంత దగ్గరయ్యారో అడిగారు. విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థుల్ని కూడా విడిగా పరిశీలించారు. తెలిసిన మనిషి ఓ మాదిరి స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనడానికి 90 గంటలు, ప్రాణ స్నేహితుడు కావడానికి 200 గంటలకు పైగా పట్టింది. కలిసి పనిచేసిన గంటలు అంతగా లెక్కలోకి రాలేదు. పని లేకుండా కలిసి గడిపిన సమయానికే విలువ ఎక్కువ. ఇవి సగటులు, పాల్గొన్నవాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పినవి. అయినా ఒక అంచనాకు పనికొస్తాయి.

వారానికి రెండు గంటల చొప్పున ఒక మనిషిని కలిస్తే 50 గంటలు నిండడానికి దాదాపు ఆరు నెలలు కావాలి. 200 గంటలకు దాదాపు రెండేళ్లు. బడిలో పిల్లలు రోజుకు ఆరు గంటలు కలిసుంటే ఆ 200 గంటలూ ఏడు వారాల్లో అయిపోతాయి. ‘అప్పుడు స్నేహాలు ఇట్టే కుదిరేవి, ఇప్పుడు కుదరడం లేదు’ అని పెద్దవాళ్లు అనుకోవడంలో వయసు పాత్ర కన్నా ఈ లెక్క పాత్రే ఎక్కువ. ఏడాది దాటినా దగ్గరి స్నేహితులు లేరంటే అది స్వభావ లోపమని తేల్చేయనక్కర్లేదు. గంటలు ఇంకా నిండలేదు, అంతే.

గంటలు ఎలా పోగవుతాయన్నదానికి పాత అధ్యయనం ఒకటి దారి చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి దంపతుల నివాసాల్లో ఎవరెవరు స్నేహితులయ్యారో లియాన్ ఫెస్టింగర్ బృందం పరిశీలించి 1950లో ప్రచురించింది. పక్క తలుపు వాళ్లతో స్నేహం కుదిరినవాళ్లు 41 శాతం. అదే అంతస్తులో ఆ చివర ఉన్నవాళ్లతో 10 శాతం. గుణాలు, అభిరుచులు పక్కన పెడితే, రోజూ ఎదురుపడటమే సగం పని చేసింది. 1992లో రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ చేసిన ప్రయోగం ఇంకా విచిత్రం. నలుగురు యువతులు ఒక తరగతికి ఒకరు పదిహేనుసార్లు, ఒకరు పదిసార్లు, ఒకరు అయిదుసార్లు వెళ్లారు, ఒకరు అసలు వెళ్లలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. చివర్లో ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చిన మనిషే విద్యార్థులకు ఎక్కువ నచ్చింది.

వారానికో కొత్త కార్యక్రమానికి వెళ్లే పద్ధతి ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రతిసారీ లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. ఒకే రోజు, ఒకే సమయం, అదే చోటు, అవే మొహాలు ఉండే తరగతో, ఆటల జట్టో, స్వచ్ఛంద సేవో ఎంచుకుని కనీసం మూడు నెలలు మానకుండా వెళ్లడం మేలు. మొదటి నాలుగైదు వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది మానేసేది అక్కడే. అందులో ఒక చిన్న బాధ్యత తీసుకుంటే ఇంకా మంచిది. కుర్చీలు సర్దడమో, హాజరు రాయడమో ఏదైనా సరే. బాధ్యత ఉన్న మనిషి రాకపోతే ‘ఏమైంది?’ అని అడుగుతారు. కొత్త దేశంలో ఆ ప్రశ్న అడిగే మొదటి మనుషులు తరచూ ఇలాంటి చోటే దొరుకుతారు.

ఆ తర్వాత మెట్టు, ఆ పరిచయాన్ని ఆ గది దాటించడం. తరగతి అయ్యాక కలిసి నడవడం, ఒక చిన్న సాయం అడగడం. సాయం చేయడానికి చాలామంది ముందుకొస్తారు, అడగడానికే మొహమాటపడతారు. అడిగితే అవతలివాళ్లకు కూడా రేపు తిరిగి అడిగే చనువు వస్తుంది. ఇక లోపలి వైపు నుంచి చూస్తే, ఒంటరితనాన్ని తగ్గించే రకరకాల కార్యక్రమాల ఫలితాల్ని క్రిస్టఫర్ మాసి బృందం 2011లో కలిపి పోల్చింది. మాటతీరు నేర్పడం, ఆసరా పెంచడం, కలిసే అవకాశాలు పెంచడం వీటికన్నా, ఎదుటివాళ్లు తనను ఎలా చూస్తున్నారన్న వక్రమైన ఊహల్ని సరిచేసే పద్ధతే ఎక్కువ ఫలితమిచ్చింది.

డాక్టర్ అవసరమైన చోటు

ఒంటరితనం, డిప్రెషన్ ఒకటి కాదు. మనుషులు దొరికిన రోజున తేలికపడితే అది చాలావరకు ఒంటరితనమే. మనుషులు దొరికినా ఏ ఆసక్తీ లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, పని సాగకపోవడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టర్‌ను కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. చాలా విశ్వవిద్యాలయాల్లో, పెద్ద కంపెనీల్లో కౌన్సెలింగ్ ఉచితంగా దొరుకుతుంది. సొంత భాషలో మాట్లాడే కౌన్సెలర్ ఆన్‌లైన్‌లో దొరికితే చెప్పుకోవడం తేలిక. చలికాలంలో పగటి వెలుగు బాగా తగ్గే దేశాలకు వెళ్లినవాళ్లలో ఆ కాలానికే వచ్చే డిప్రెషన్ కూడా ఉంటుంది, దాన్ని ఒంటరితనమని పొరబడే అవకాశముంది.

ప్రభుత్వాల చేతిలో ఉన్నది

బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం బాధ్యతను ఒక మంత్రికి అప్పగించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబర్‌లో సామాజిక బంధాల మీద ప్రత్యేక కమిషన్ వేసింది. సమస్య గుర్తింపు పొందిందనడానికి ఇవి నిదర్శనాలు. వలస వచ్చినవాళ్ల విషయంలో మాత్రం అసలు మీటలు వేరే శాఖల దగ్గరున్నాయి. భాగస్వామికి పని అనుమతి, తక్కువ ఖర్చుతో భాషా తరగతులు, అందుబాటులో బస్సులు, గ్రంథాలయాల్లాంటి ఉచిత చోట్లు వాటిలో కొన్ని. అద్దె ఇళ్ల సంగతి వీటిలోకి సాధారణంగా రాదు గానీ రావాలి. కొత్తగా వచ్చినవాళ్లు అద్దె పెరిగో, ఒప్పందం ముగిసో ఇల్లు మారినప్పుడల్లా పక్క తలుపు వాళ్లతో పోగైన గంటలన్నీ పోతాయి.

తిరిగి వెళ్తే తీరుతుందా?

తిరిగి వెళ్లడమే కొందరికి సరైన నిర్ణయం కావొచ్చు. అయితే అక్కడా సర్దుబాటు కాలం ఉంటుందని జాన్ గల్లాహార్న్, జీన్ గల్లాహార్న్ 1963లోనే చూపించారు. విదేశంలో చదివి వచ్చినవాళ్లు స్వదేశంలో మళ్లీ ఒకసారి దిగులు దశ దాటాల్సి వచ్చింది. వెళ్లినవాళ్ల ఖాళీని మిగిలినవాళ్లు వేరే మనుషులతో, వేరే పనులతో నింపుకుని ఉంటారు. ఒకప్పటి సాయంత్రాలు ఇప్పుడు ఎవరికీ ఖాళీగా ఉండవు. కాబట్టి ఒంటరితనం ఒక్కటే కారణంగా వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లు, ముందు నెలో రెండు నెలలో సెలవు పెట్టి వెళ్లి ఉండి చూడటం మంచిది. మొదటి వారం చుట్టాల సందడితో గడిచిపోతుంది. మూడో వారంలో మామూలు మంగళవారం ఎలా ఉందో చూస్తే నిర్ణయానికి కావాల్సిన సమాచారం దొరుకుతుంది.